నవజీవన్ బాల భవన్

ఇల్లు వదిలివచ్చిన, తప్పిపోయిన పిల్లల రక్షణ కోసం డాన్ బాస్కో సలేషియన్ సభ 1989లో విజయవాడలో నెలకొల్పిన సంస్థ. ఇటలీలోని ట్యూరిన్‌లో వీధి కుర్రాళ్లకు చదువూ పనీ నేర్పిన ఫాదర్ జాన్ బాస్కో 1859లో స్థాపించిన కథోలిక సభే ఈ సలేషియన్ సభ.

హౌరా–చెన్నై మార్గం, ఢిల్లీ, హైదరాబాద్ దారులు విజయవాడ జంక్షన్‌లో కలుస్తాయి. దెబ్బలకు జడిసో, సినిమా మోజులోనో, పని కోసమో రైలెక్కిన పిల్లలు ఎందరో ఇక్కడ దిగుతారు. పని ఇప్పిస్తామంటూ మాయమాటలు చెప్పే దళారుల బెడదా ఇలాంటి స్టేషన్లలోనే ఎక్కువ. అందుకే దిగిన తొలి గంటలు అన్నిటికన్నా కీలకం. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కనిపించిన పిల్లవాణ్ణి దళారి కంటే ముందు కార్యకర్త పలకరించాలి. ముందు అన్నం, స్నానం, నిద్ర. ఊరూ పేరూ ఆరా తీయడం ఆ తర్వాతే. బెదిరిన పిల్లల నోట మొదటిసారే నిజం రాకపోవచ్చు. వాళ్లను గద్దించడం తగదు.

2015 బాల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా పిల్లలను బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. తల్లిదండ్రుల దగ్గరికి చేర్చడానికే మొదటి ప్రాధాన్యం. ఇల్లే ప్రమాదమైన పిల్లలకు వసతి, బడి, వృత్తి శిక్షణ కల్పిస్తారు.