పేజ్

బస్తర్‌లో ఎండాకాలం పొలానికో అడవికో బయల్దేరేవాళ్ల భుజాన తూంబా వేలాడుతుంటుంది. ఎండిన సొరకాయ బుర్ర అది. లోపల మండియా పేజ్. మండియా అంటే మన రాగులే; ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు. ఇక పేజ్‌కి మూలం సంస్కృతంలోని ‘పేయ’, అంటే తాగేది. మరాఠీలోనూ గంజిని పేజ్ అనే అంటారు. పేరుకు తాగేదే గానీ చేసే పని అన్నానిది. రాత్రంతా నానిన రాగిపిండి కాస్త పులిశాక, ఉడుకుతున్న నూకల్లో పోసి, ఉండ కట్టకుండా, అడుగంటకుండా కలియబెట్టి చల్లారుస్తారు. అచ్చం మన అంబలే! పక్కన నంజుకోవడానికి ఎర్రచీమల చాప్డా చట్నీ ఉంటే ఇంకేం కావాలి? అది దొరకని మనం పచ్చి ఉల్లిపాయతో సరిపెట్టుకోవాలి. ఈ వేసవిలో రంగునీళ్ల సీసాలు మాని ఓ పూట అంబలి కాచుకోండి.