పాలపిట్టా, నీలికాకా?

దసరా దగ్గరపడేసరికి డల్లాస్‌లోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో మనవాళ్ల ఇళ్లలో ఈ మాట వినిపిస్తూ ఉంటుంది: "పెరట్లో పాలపిట్ట వాలిందండీ!" కంచె మీద నీలిపిట్ట ఉన్నమాట నిజమే. కానీ అది బ్లూజే. పాలపిట్ట జాతి అమెరికా ఖండాల్లోనే లేదు.

ఈ కలగాపులగం మనతో మొదలైంది కాదు. మన దేశంలో ఉన్న ఇంగ్లీషు దొరలు పాలపిట్టనే బ్లూజే అన్నారు. లిన్నేయస్ అయితే 1758లో రెంటినీ కాకుల పద్దులోనే, కోర్వస్ అన్న పేరు కిందే రాసిపెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు విడదీశారు: పాలపిట్ట లకుముకిపిట్టకు చుట్టం, బ్లూజే అచ్చంగా కాకి వంశం.

పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టిరంగే ఎక్కువ కనిపిస్తుంది. రెక్క విప్పితేనే ఆ నీలమంతా బయటపడుతుంది. దసరా నాడు జమ్మిపూజ చేసి వస్తూ దాన్ని చూడగలిగితే మనకు ఎంతో సంబరం. బ్లూజే కూర్చున్నా నీలమే. నెత్తిన కుచ్చు, మెడ చుట్టూ నల్లని పట్టె. వేరుసెనగ కాయ వేసి చూడండి: కాళ్ల కింద అదిమిపట్టి, ముక్కుతో టకటకా పొడిచి గింజ లాగేస్తుంది. డేగ కూతను అచ్చుగుద్దినట్టు కూస్తుంది. ఓక్ కాయలను గొంతు సంచిలో కుక్కుకుని వెళ్లి నేలలో దాస్తుంది. వర్జీనియాలో జరిగిన ఒక పరిశీలన 1981లో అచ్చయింది. దాని లెక్క ప్రకారం ఈ పక్షులు 1,33,000 కాయలు మోసుకుపోయాయి. తిరిగి తవ్వుకోనివాటిలో కొన్ని మొలకెత్తుతాయి. ఓక్ అడవులు విస్తరించడంలో దీని చలవ ఎంతో ఉంది.

ఇంత తెలివీ ముందుచూపూ కాకి సొత్తే. అందుకే నేను దీన్ని నీలికాకి అంటాను. కాకి అంటే చిన్నచూపేమో అని సందేహించనక్కర్లేదు. పిండం ముట్టడానికి మనం ఎదురుచూసేది కాకి కోసమే. ఈ పేరుతో ఇంకో సదుపాయం కూడా ఉంది. బ్లూజే ఉండేది ప్రధానంగా రాకీ పర్వతాలకు తూర్పున. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ల పెరట్లోకి వచ్చేవి స్టెల్లర్స్ జే, స్క్రబ్ జే. అవీ నీలివే, అవీ కాకి కుటుంబమే. వాటినీ నిక్షేపంగా నీలికాకులనే పిలుచుకోవచ్చు.