లెక్కల పద్యము

లెక్కలు నీరసమనువారికి పావులూరి మల్లన పద్యములే సమాధానము. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన 'గణితసారసంగ్రహము'ను మల్లన పద్యములలో తెనిగించెను. జినుని స్తుతికి మారుగా శివుని నిలిపెను.

మూలమున ప్రణయకలహములో తెగిన ముత్యాలహారము ఒక లెక్క. మరియొకచోట 142857143ను 7చే గుణింపగా 1000000001 వచ్చును. ఇరుకొనల ఒంట్లు, నడుమ సున్నలు గల ఈ సంఖ్యను ఆచార్యుడు కంఠహారముగా భావించెను. ఇట్టి చమత్కారమునకు నవ్విన విద్యార్థి ఫలితమును మరువడు.

నేటి హాస్యపద్యమునకును, పేరడీ పాటకును ఇదియే బలము: ఎరిగిన వరుసలో ఇమిడిన కొత్త సూత్రము నాలుకపై నిలుచును. ఇందిరాపురమున ఎక్కములను ఆంగ్లమున వల్లించు తెలుగు పిల్లలచే ఇంట ఒక లెక్కల పద్యము చదివించినచో, గణితముతోపాటు భాషయు దక్కును.