స్టార్ సిటిజన్: చందాలతో నిర్మాణమవుతున్న అంతరిక్షపు ఆట – ఆశావాదుల మాట, అనుమానపరుల మాట

కంప్యూటర్ ఆటల చరిత్రలో అత్యధికంగా ప్రజల చందాలు పొందినదిగా ప్రసిద్ధి చెందిన ఆట 'స్టార్ సిటిజన్'. 2012లో దీని నిర్మాణానికి చందాలు అడగడం ఆరంభమైంది. 2014లో పూర్తి చేసి ఇస్తామని నాడు చెప్పారు. 2024 నాటికి చందాల మొత్తం 70 కోట్ల డాలర్లు దాటింది. ఆట మాత్రం ఆ సంవత్సరాంతానికి కూడా 'ఆల్ఫా' అనబడే అసంపూర్ణ దశలోనే ఉన్నది. ఇందుచేత దీని అభిమానులు రెండు వర్గాలుగా చీలినారు. ఇది ఎన్నటికీ పూర్తికాదని ఒక వర్గం, ఇంతటి పని ఆలస్యంగానే పూర్తవుతుందని మరొక వర్గం వాదించుకొనుచున్నవి. ఇరువర్గాలవారూ చందా కట్టినవారే కావడం ఇందలి విశేషం.

మన పల్లెల నుండి నగరాలకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలున్న ఇళ్ళలో ఇటువంటి ఆటల పేర్లు, వాటికి డబ్బు కట్టే మాటలు వినిపించడం క్రొత్త కాదు. కనుక ఈ ఆట కథను, దానిపై నడచిన వాదాన్ని క్రమంగా తెలిసికొనుట ఉపయోగకరం.

ఆట స్వరూపం

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది 'స్టార్ సిటిజన్'. ఇది అంతర్జాలం ద్వారా అనేకులు ఒకేసారి ఆడునట్టిది. ఆటగాడు వ్యోమనౌకను నడుపుతూ సరకులు రవాణా చేయవచ్చు, గనులు తవ్వవచ్చు, దొంగలతో పోరాడవచ్చు, తానే దొంగగా మారవచ్చు. నౌకలోనుండి లేచి నడచి, గ్రహంపై దిగి, నగరంలో తిరిగి మరల నౌక ఎక్కవచ్చు. రెండవది 'స్క్వాడ్రన్ 42'. ఇది ఒక్కరే ఆడుకొను కథాప్రధానమైన యుద్ధపు ఆట. ఇందులో మార్క్ హామిల్, గ్యారీ ఓల్డ్‌మన్, జిలియన్ ఆండర్సన్ వంటి ప్రసిద్ధ నటులు నటించారు.

రూపకర్త

ఈ ఆటకు మూలపురుషుడు క్రిస్ రాబర్ట్స్. 1990లో 'వింగ్ కమాండర్' అనే ఆటతో ఆయన పేరు లోకానికి తెలిసింది. ఆ ఆటలను బాల్యంలో ఆడినవారే తరువాత ఆయనకు చందాలిచ్చినవారిలో ముఖ్యులు. 1996లో ఆయన 'డిజిటల్ ఆన్విల్' అనే సంస్థను స్థాపించి 'ఫ్రీలాన్సర్' అనే గొప్ప అంతరిక్షపు ఆటను తలపెట్టారు. అది అనుకున్న గడువులకు పూర్తికాలేదు. 2000లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది, రాబర్ట్స్ వైదొలగినారు. 2003లో ఆట వెలువడినపుడు మొదట చెప్పిన అంశాలు కొన్ని అందులో లేవు. అయినను ఆటగాళ్ళు దానిని ఆదరించారు.

ఈ ఒక్క చరిత్రనే ఇరువర్గాలూ సాక్ష్యంగా చూపుతాయి. 'పై అధికారి అడ్డుపడేవరకు ఈయన పని ముగించడు' అని అనుమానపరుల భావం. 'పెట్టుబడిదారుల తొందర లేకపోతే ఈయన ఊహ పూర్తిగా నెరవేరేది' అని ఆశావాదుల భావం. చందాల పద్ధతిని ఎంచుకొనుటకు ఆ రెండవ భావమే పునాది.

చందాలు ఆరంభమైన తీరు

రాబర్ట్స్ మరికొందరితో కలిసి 2012లో 'క్లౌడ్ ఇంపీరియం గేమ్స్' సంస్థను నెలకొల్పి, ఆ అక్టోబరులో ఆటను ప్రకటించారు. ప్రజల నుండి చందాలు సేకరించు 'కిక్‌స్టార్టర్' ద్వారా 5 లక్షల డాలర్లు కోరగా, 34,397 మంది 21 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. సంస్థ స్వయంగా సేకరించిన దానితో కలిపి నవంబరు నాటికి మొత్తం 62 లక్షల డాలర్లు దాటింది.

సాధారణంగా ఇటువంటి సేకరణ అక్కడితో ఆగి పని మొదలవుతుంది. ఇక్కడ సేకరణ ఆగలేదు. ఇంత మొత్తం వస్తే ఈ క్రొత్త అంశం చేరుస్తామని మెట్టు మెట్టుగా వాగ్దానాలు ప్రకటించారు. 2013లో ఈ పద్ధతి కొనసాగించాలా అని చందాదారులనే అడుగగా, అధిక సంఖ్యాకులు కొనసాగించమన్నారు. 2014లో 6.5 కోట్ల డాలర్ల మెట్టు వరకు ఈ వాగ్దానాలు సాగినవి. ఆట విడుదల నాటికి నూరు నక్షత్ర మండలాలుంటాయని చెప్పినది ఆ రోజులలోనే.

ఊరి గుడికి గోపురం కడతామని చందాలు మొదలుపెట్టి, చందాలు ఎక్కువగా వచ్చేకొద్దీ కల్యాణ మండపం, కోనేరు, సత్రం కూడా ప్లానులో చేర్చినట్లు అయినది. ప్లాను పెరిగినపుడు గడువు పెరుగక తప్పదు. అయితే మొదట గోపురం కొరకే చందా ఇచ్చినవాడు తన గోపురం ఏదని అడుగుటలో తప్పు లేదు.

చందా ఎట్లు పెరిగినది

చందాకు ప్రతిఫలంగా ఆటగాళ్ళకు ఆటలోని వ్యోమనౌకలను ఇచ్చుట ఈ సంస్థ పద్ధతి. చిన్న నౌకతో కూడిన మొదటి పొత్తం సుమారు 45 డాలర్లు. పెద్ద యుద్ధనౌకల ధర వేల డాలర్లకు చేరినది. 2018లో దాదాపు అన్ని నౌకలూ కలిపి 27,000 డాలర్లకు ఒక పొత్తంగా పెట్టారు. అంతకుముందే వేయి డాలర్లు ఖర్చుచేసినవారికి మాత్రమే అది కనిపించేది. అనేక నౌకలను బొమ్మ గీచిన దశలోనే, ఆటలో నిర్మింపక మునుపే అమ్మారు.

మొత్తం చందా 2015 డిసెంబరులో 10 కోట్ల డాలర్లు, 2018లో 20 కోట్లు, 2020లో 30 కోట్లు, 2021లో 40 కోట్లు, 2022లో 50 కోట్లు, 2023లో 60 కోట్లు దాటింది. ఇది గాక 2018లో కాల్డర్ కుటుంబం 4.6 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి సంస్థలో సుమారు పదవ వంతు వాటా పొందినది. నాటినుండి సంస్థ తన ఆదాయ వ్యయాల సంగ్రహాన్ని ప్రకటించసాగింది.

చేతికి అందినవి

2013 ఆగస్టు: చందాదారులు తమ నౌకలను నిలిపి చూచుకొను షెడ్డు.
2014 జూన్: నౌకలతో పోరాడు చిన్న రంగస్థలం.
2015 డిసెంబరు: ఆల్ఫా 2.0. అనేకులు కలిసి తిరుగగల విశాల ప్రదేశం.
2016 డిసెంబరు: నేలపై తుపాకుల పోరాటం.
2017 డిసెంబరు: ఆల్ఫా 3.0. చంద్రులపై దిగి నడచు సదుపాయం.
2023 మార్చి: ఆల్ఫా 3.18. వదలిన వస్తువు వదలిన చోటనే నిలచు ఏర్పాటు. వచ్చిన క్రొత్తలో వారాల తరబడి అనేకులు ఆటలోనికే ప్రవేశించలేకపోయారు.
2024 డిసెంబరు: ఆల్ఫా 4.0. రెండవ నక్షత్ర మండలం.

ఈ చివరిదాని వెనుక ఒక ముఖ్యమైన సాంకేతిక విషయం ఉన్నది. ఒక సర్వర్ మోయగల ఆటగాళ్ళ సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఎంతోకాలం ఒక లోకంలో సుమారు నూరుమందికి మించి చోటు దొరికేది కాదు. 4.0లో ఒకే లోకాన్ని పలు సర్వర్లు పంచుకొని మోయు ఏర్పాటు వచ్చి, వందలమంది ఒకచోట కలియగలిగారు. ఏండ్ల తరబడి 'ఇది అసాధ్యం' అన్నవారికి ఇది కొంత సమాధానమైనది.

అనుమానపరుల వాదన

గడువులు తప్పుట వారి మొదటి ఆరోపణ. స్క్వాడ్రన్ 42 మొదట 2014లో, తరువాత 2016లో రావలసి ఉండెను. 2018 డిసెంబరులో ప్రకటించిన పట్టిక ప్రకారం దాని పరీక్షాదశ 2020లో ఆరంభం కావలసినది, కాలేదు. 2023 అక్టోబరులో ఆటలోని అంశాలన్నీ సమకూరినవని, 2024 అక్టోబరులో విడుదల 2026లో అని ప్రకటించారు.

వాగ్దానం తగ్గుట రెండవది. నూరు మండలాలు అన్నచోట, మొదటి పూర్తి రూపంలో అయిదు మండలాలుంటాయని 2024లో చెప్పారు. మూడవది అసలైనది: ఆట పూర్తికాకముందే ఏటా ఇంత ఆదాయం వస్తున్నపుడు పూర్తిచేయవలసిన అవసరమేమున్నది? పూర్తయిన రోజున ఊహకు బదులు వస్తువు కనిపిస్తుంది, ఊహపై ఇచ్చినంత డబ్బు వస్తువుపై ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పుట కష్టం, ఆట విడుదలే జవాబు.

డబ్బు తిరిగి పొందుట కూడా సులభం కాలేదు. 2016లో సంస్థ తన నిబంధనలను మార్చగా వాపసు హక్కు సన్నగిల్లినది. 2018లో ఒక చందాదారుడు లాస్ ఏంజెలిస్‌లోని చిన్న దావాల న్యాయస్థానంలో 4,500 డాలర్ల వాపసు కోరగా, వివాదాలను మధ్యవర్తిత్వం ద్వారా తేల్చుకోవాలన్న నిబంధనకు ఒప్పుకొని ఉన్నాడన్న కారణంపై దావా నిలువలేదు.

ఆశావాదుల వాదన

మోసమే ఉద్దేశమైతే మ్యాంచెస్టర్‌లోను, ఫ్రాంక్‌ఫర్ట్‌లోను కార్యాలయాలు పెట్టి వందలాదిమందికి జీతాలిచ్చి ఏండ్ల తరబడి పని చేయించనేల అని వారి ప్రశ్న. ఆల్ఫా ఎవరైనా ఆడి చూడవచ్చు, అప్పుడప్పుడు కొన్ని దినాలు ఉచితంగా కూడా ఇస్తారు. నౌకలలో అధికభాగం ఆటలోని నాణెములతోనే సంపాదించవచ్చును, కనుక 45 డాలర్లకు మించి పెట్టుట ఎవరికీ తప్పనిసరి కాదు. నౌకలోపలి గది నుండి గ్రహపు నేల వరకు ఎక్కడా తెర మారకుండా సాగు అనుభవం కోసం వారు మరికొన్ని ఏండ్లు వేచియుండగలరు. తాము కొన్నది ఆటను మాత్రమే కాదని, ఆట తయారగుటను చూచు భాగ్యాన్ని కూడా అని వారిలో అనేకుల భావం.

అసలు భేదం ఇక్కడనే ఉన్నది. ఒకడు వస్తువు కొరకు డబ్బిచ్చాడు, వస్తువు రాలేదు. ఇంకొకడు పని జరుగుట కొరకు డబ్బిచ్చాడు, పని జరుగుచున్నది. లెక్కలు ఒకటే, ఇచ్చినవాని ఉద్దేశం వేరు.

పోల్చదగిన ఆట

ఇదే కాలంలో డేవిడ్ బ్రేబెన్ అనే మరొక పాతకాలపు రూపకర్త 'ఎలీట్ డేంజరస్' కొరకు కిక్‌స్టార్టర్ ద్వారా సుమారు 15.8 లక్షల పౌండ్లు సేకరించారు. ఆ ఆట 2014 డిసెంబరులో వెలువడినది. గ్రహాలపై దిగుట వంటి అంశాలు విడుదల తరువాత మెల్లగా చేర్చారు. అంతర్జాలం లేకుండా ఆడు సదుపాయం ఇస్తామని చెప్పి, విడుదలకు కొద్ది వారాల ముందు లేదనుటచే అక్కడ కూడా చందాదారులు ఆగ్రహించారు. అనగా వాగ్దానంలో లోటు ఇద్దరికీ తప్పలేదు. ఒకరు చిన్నదానిని ముందు పూర్తిచేసి పెంచారు, మరొకరు పెద్దదానిని పూర్తిచేయుటకు పూనుకొన్నారు.

చందా, కొనుగోలు, వాటా

కుటుంబాలు గ్రహింపవలసిన తేడా ఇది. కొనుగోలులో వస్తువు వెంటనే చేతికి వస్తుంది. వాటాలో లాభనష్టాలపై హక్కు వస్తుంది. కాల్డర్ కుటుంబానికి వాటా దక్కింది, లక్షలాది చందాదారులకు దక్కలేదు. మనకు తెలిసిన చీటీలో కూడా సభ్యులెందరో, నెలలెన్నో, చీటీ మొత్తమెంతో ముందే వ్రాసి ఉంటుంది, రిజిస్టరైన చీటీకి చట్టం అండ ఉన్నది. ఆటకు ఇచ్చు చందాలో ఇవేవీ లేవు. నమ్మకం ఒక్కటే హామీ.

కనుక ఇంటిలోని యువకుడు ఇటువంటి ఆటకు డబ్బు కడతానన్నపుడు కోప్పడుట కంటె నాలుగు ప్రశ్నలు అడుగుట మేలు. నేడు ఆడుటకు ఏమున్నది? వాపసు నిబంధన చదివితివా? ఇది ఎన్నటికీ పూర్తికాకపోయినా ఈ సొమ్ము పోయినదని బాధపడక ఉండగలవా? మొదటి పొత్తంతో ఆగగలవా? నాలుగింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగినవాడు తన వినోదానికి తాను ఖర్చుచేయుచున్నాడనుకోవచ్చు. జవాబు లేనివాడు అందాక డబ్బు జేబులో ఉంచుకొని, ఉచితంగా ఇచ్చు దినాలలో ఆడి చూచుట ఉత్తమం. ఆట పూర్తయితే అప్పుడు కొనవచ్చును, పూర్తికాకపోతే పోయినదేమీ ఉండదు.