మూసీ పునరుద్ధరణము – మానవహక్కుల హాని నిర్ధారణము

వరదలను, అనావృష్టిని ఎదుర్కొనుటకై నదులను, చెఱువులను, వాని తీరములను పునరుద్ధరించునపుడు అచటి జనుల ఇంటికి, జీవికకు కలుగగల హానిని ముందుగానే గుర్తించి నివారించుటకు చేయు విచారణమును మానవహక్కుల హాని నిర్ధారణమందురు. పేరు నిన్నమొన్నటిదేగాని, హైదరాబాదునకు దీని అవసరము 1908 నాటిది.

ఆ ఏట సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది జనులను పొట్టన పెట్టుకొనెను. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాపై ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళిని అర్చించి, నదికి పసుపు కుంకుమలు, పట్టుచీర సమర్పించెనని ఆ పేటవారు బోనాలవేళ నేటికిని చెప్పుకొందురు. పిమ్మట వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరీవాహకమందలి 788 చెఱువులలో 221 తెగినవని లెక్క తేల్చి ఎగువన జలాశయములు కట్టుమని సూచింపగా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. నీటిలెక్క ఇంత నిక్కచ్చిగా సాగినను, మనుష్యుల లెక్కకు అట్టి శ్రద్ధ దక్కలేదు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి లాల్‌దర్వాజాకు చేరువనున్న సుల్తాన్‌షాహీ, మొగల్‌పురాల ఇఱుకు బస్తీలను తొలగించి గాలి వెలుతురుగల ఇండ్లు కట్టించెను. మంచిపనియే, కాని ఖాళీ చేయువారి సమ్మతి కోరుట ఆనాటి పాలకుల అలవాటు కాదు.

జంటజలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో నిర్మాణములను కట్టడి చేసెను. నగరము త్రాగు నీటికి ఆ గ్రామముల రైతులు తమ భూముల ధర రూపమున మూల్యము చెల్లించిరనుట అతిశయోక్తి కాదు. పరిహారము మాట ఆ ఉత్తరువులో లేదు.

2013 భూసేకరణ చట్టము సామాజిక ప్రభావపు అంచనాను విధించి, పట్టణ భూములలో మూడేండ్లుగా నివసించు కుటుంబములను సైతము బాధితులలో చేర్చినది. అయినను 2024లో మూసీ తీర పథకమునకై అధికారులు చాదర్‌ఘాట్ పరిసరములందలి ఇండ్ల గోడలపై నదీగర్భమునకు (రివర్ బెడ్) గుర్తుగా ‘ఆర్‌బీ–ఎక్స్’ అని ఎఱ్ఱరంగుతో వ్రాసి, నదీగర్భవాసులను డబుల్ బెడ్‌రూము ఇండ్లకు తరలింపసాగిరి. వ్యాజ్యములు రాగా ఆ నవంబరులో హైకోర్టు బాధితుల సామాజికార్థిక సర్వే జరిపి పునరావాసము కల్పింపుమనెను. చిక్కంతయు ఇచటనే యున్నది: నదీగర్భము సర్కారు భూమియేనన్నచో సేకరణ యుండదు, సేకరణ లేనిచో ఆ చట్టము చెప్పిన అంచనాయు నుండదు.