కంప్యూటరునకు చెవి వచ్చిన కథ



పాట పుట్టిన క్షణముననే గాలిలో కలిసిపోవును. దానిని పట్టి నిలిపి మరల వినిపించు యంత్రమును 1877వ సంవత్సరమున అమెరికాలో ఎడిసను మహాశయుడు నిర్మించెను. పిమ్మట గ్రామఫోను రికార్డులు, టేపులు వచ్చినవి. నేడా పనిని ఇంటి కంప్యూటరే చేయుచున్నది. హరికథలును, తత్త్వములును, పెండ్లిపాటలును కంఠస్థముగా నెరిగిన పెద్దలు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. ఇట్టి కాలమున ఆ సాధనము ఎట్లు వచ్చినదో, దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలిసికొనుట వ్యర్థము గాదు.

1981లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన వ్యక్తిగత కంప్యూటరులో చిన్న స్పీకరు ఒకటి మాత్రముండెను. అది కీచుమనగలదు, అంతకు మించి పాడజాలదు. ఈ లోపమును తీర్చుటకు కెనడా దేశమున క్యూబెక్కులో సంగీతాచార్యుడుగా నుండిన మార్టిన్ ప్రేవెల్ అనునాయన స్థాపించిన ఆడ్‌లిబ్ సంస్థ 1987లో ఒక సౌండు కార్డును అమ్మకమునకు తెచ్చెను. కంప్యూటరు లోపల అమర్చెడి పలక యది. జపానువారి యమహా చిప్పు అందులో ఏకకాలమున తొమ్మిది స్వరములను పలికించెడిది. ఆ స్వరకల్పన పద్ధతిని కనిపెట్టినవాడు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విద్యాపీఠమునకు చెందిన జాన్ చౌనింగు. అయితే ఆ కార్డునకు గాత్రమున్నదే కాని శ్రవణము లేదు. మనము పాడినచో అది వినజాలదు.

1989లో సింగపూరునందు సిమ్ వాంగ్ హూ నాయకత్వమున క్రియేటివ్ సంస్థ ‘సౌండ్ బ్లాస్టర్’ అను కార్డును వెలువరించెను. అందును అదే యమహా చిప్పు కలదు. దానికి తోడు మైక్రోఫోను తగిలించు రంధ్రమును కలదు. కంప్యూటరు ఆటలాడువారికి పనికివచ్చు సదుపాయములు మరికొన్ని ఉండుటయు దాని వ్యాప్తికి తోడ్పడెను. 1992లో ఆడ్‌లిబ్ సంస్థ దివాలా తీసెను. పాడుట మాత్రమే నేర్చినదానిని, పాడుటయు వినుటయు నేర్చినది దాటిపోయెను.

యంత్రము వినుట యెట్లు? చెరువులో నీటిమట్టమును కొలబద్దతో గడియగడియకు కొలిచి లెక్క వ్రాయుదుము గదా! అట్లే ఈ కార్డు ధ్వనితరంగమును క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాయును. ఎన్నిమార్లు కొలిచినది, కొలబద్దపై ఎన్ని గీతలున్నవి అను రెండు విషయములపై నాణ్యము ఆధారపడును. తొలి సౌండ్ బ్లాస్టర్ వినునపుడు సెకనుకు సుమారు 12,000 మార్లు మాత్రమే కొలిచెడిది, గీతలు 256. మానవకర్ణము సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. అందులకు రెట్టింపునకు మించి కొలిచిననే ధ్వని పూర్ణముగ చిక్కును. కనుకనే 1982లో వచ్చిన సీడీలకు 44,100 కొలతలును, 65,536 గీతలును నిర్ణయించిరి. 1992 నాటి ‘సౌండ్ బ్లాస్టర్ 16’ ఆ ప్రమాణమును ఇంటికి తెచ్చెను.

ఆ దినములలో చిక్కులును పెక్కు. కంప్యూటరులోని ప్రతి పరికరమునకు ప్రధానయంత్రమును పిలుచుటకొక సంఖ్య కలదు. తొలి కార్డునకు ఏర్పరచిన సంఖ్య 7; ముద్రణయంత్రపు సంఖ్యయు నదియే! ఒకే పేరుగల యిద్దరిని పిలిచినట్లు తగవు పుట్టి కార్డు మూగవోయెడిది. పలకపైనున్న చిన్న తొడుగును మార్చి 5వ సంఖ్య నిచ్చినచో చాలమార్లు మరల పలికెడిది. 1995లో వచ్చిన విండోసు ఈ సంఖ్యలను తానే పంచు పద్ధతిని తెచ్చెను.

పిమ్మట ఆలస్యమను చిక్కు మిగిలెను. కంప్యూటరు కొలతలను ఒక తొట్టిలో నింపి, నిండినపుడు తీసికొనును. 1,024 కొలతల తొట్టియైనచో ధ్వని సెకనులో 43వ వంతు వెనుకబడును. వంతపాటగాడు ఎనిమిది మీటర్ల దూరమున నిలిచినట్లుండును, తాళము చెదరును. 256 కొలతల తొట్టియైనచో ఆ దూరము రెండు మీటర్లే. చిన్న తొట్టితో పనిచేయుటకు వీలగు మార్గమును జర్మనీలోని స్టయిన్‌బర్గ్ సంస్థ 1997లో ఏసియో అను పేర వెలువరించెను.

ఈ చరిత్రనుండియే ఎన్నిక సూత్రము పుట్టుచున్నది: కార్డు ఎంత బిగ్గరగా పలుకునో కాదు, ఎంత శుద్ధముగా వినునో చూడవలెను. కంప్యూటరు లోపలి విద్యుత్తు రొద సోకకుండ వెలుపల యు.ఎస్.బి. తీగతో తగిలించు పెట్టె మేలు. 24 బిట్ల కొలతయున్న చాలును. గాయకునకొకటి, వాద్యమునకొకటి చొప్పున రంధ్రములుండవలెను. కండెన్సరు మైకునకు 48 వోల్టుల సరఫరాయు కావలెను.

దోషము తోచినపుడు క్రమముగా వెదకుడు. ధ్వని రానిచో మైకు సరియైన రంధ్రమున నున్నదో, కంప్యూటరులో ఆ పెట్టెనే ఎన్నుకొంటిరో చూడుడు. గొంతు చిట్లినట్లున్నచో మట్టము తగ్గింపుడు. టపటపమని తెగినచో తొట్టిని పెంచుడు. హుమ్మని రొద వచ్చినచో పరికరములన్నిటిని ఒకే విద్యుత్ పలకకు తగిలింపుడు. ఎర్తు తీగను మాత్రము ఎన్నడును తీయరాదు, అది ప్రాణరక్షకము.

చెడిన పెట్టెను బాగుచేయవచ్చును, క్రొత్తది కొనవచ్చును. పాట నెరిగిన పెద్దకంఠము మూగవోయిన పిమ్మట దానిని బాగుచేయు ఉపాయము లేదు. కావున ఉత్తమమైన పెట్టె దొరకువరకు వేచియుండక, ఉన్నదానితోనే ఆ కంఠము నేడే నిలుపుడు.