చదవడం అంటే ఏమిటి? గిడుగు రామమూర్తి ఉపాధ్యాయ జీవితం

విద్యా చరిత్ర అనగానే మీకు చట్టాలు, కమిషన్లు, విశ్వవిద్యాలయాల స్థాపన గుర్తుకు వస్తాయి. పిల్లలకు చదవడం నేర్పిన ఉపాధ్యాయుడు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తాడు. ఈ పాఠంలో అలాంటి ఒక ఉపాధ్యాయుని సుదీర్ఘ వృత్తి జీవితాన్ని పరిశీలిద్దాం. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మీకు తెలుసు. ఆ ఉద్యమం వేళ్లు తరగతి గదిలో ఉన్నాయని గమనించండి.

1. నేపథ్యం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 విద్యాలయాలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలింది. వీటిలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మనకు ముఖ్యం. ఆ జిల్లాలోని 533 బడుల్లో 6,641 మంది చదువుతున్నారు. పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దేవారు, పద్యాలు వల్లె వేసేవారు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు కనుక ఒక లోపాన్ని పసిగట్టాడు. పుస్తకాల భాష వేరు, మాట్లాడే భాష వేరు. లిపి ఒకటే కాబట్టి పిల్లవాడు పద్యాన్ని గడగడా చదివేవాడు, కానీ అర్థం తెలిసేది కాదు.

2. పర్లాకిమిడిలో బోధన

గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడయ్యాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పై పరీక్షలు ప్యాసయ్యాడు. మీలో చాలామందికి ఆ శ్రమ ఏమిటో తెలుసు.

ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. తెలుగు వాచకంతో చదువు మొదలుపెట్టే సవర బిడ్డ పరిస్థితి బళ్లారి పిల్లల కన్నా కష్టం. గిడుగు రెండు భాషలూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని సవర నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చాడు. ఈ కృషికి ప్రభుత్వం 1913లో బిరుదు ఇచ్చింది.

3. తరగతి గది నుంచి ఉద్యమానికి

1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, తెలుగు పిల్లల పుస్తకాల భాష వారు మాట్లాడే భాషకు ఎందుకంత దూరమని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న గిడుగుకు కొత్తది కాదు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక తన శక్తినంతా ఈ సమస్యకే వెచ్చించి, 1919లో 'తెలుగు' పత్రికను ప్రారంభించాడు.

జయంతి రామయ్య పంతులు వంటివారు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఎవరి వాడుక వారు రాస్తే భాషకు ఏకరూపత పోతుందని, ప్రాచీన సాహిత్యం పరాయిదవుతుందని వారి భయం. ఆ భయం నిరాధారమని కొట్టివేయలేం. పరీక్షల్లో వాడుక భాషకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం తర్వాత వెనక్కి తీసుకుంది కూడా. అయినా గిడుగు ఆగలేదు. తెలుగు కోసం పోరాడుతూనే సవరను వదల్లేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

4. ముగింపు

గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు తెలుగు గొప్పదనం గురించి ఎంతో చెప్పుకుంటాం, సవర బడుల ఊసు మాత్రం అంతగా వినిపించదు. ఈ రెండు పనులనూ కలిపి చూస్తేనే ఆయన అర్థమవుతాడు. బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకున్న భాష, అది ఏదైనా సరే, బడిలో మొదటి మెట్టు కావాలన్నదే ఆ రెంటికీ మూలం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఇళ్లలో ఏయే భాషలు, యాసలు మాట్లాడుతున్నారు? వారి వాచకంలోని ఒక పేజీ చదివించి, వారికి ఏమి అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించండి. మీరు గమనించినదాన్ని క్యాంప్‌బెల్ పరిశీలనతో పోల్చి పది వాక్యాలలో రాయండి.